మైదానం అడిగినవారికి కాగితం మీద జవాబివ్వండి

గౌరవనీయులైన పురపాలక సంఘం చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, వార్డు సభ్యులందరికీ,

నమస్కారాలు.

గత ఏడాది సెప్టెంబరు మొదటి వారంలో మా పేట గ్రంథాలయం తరఫున మీ కార్యాలయానికి ఒక దరఖాస్తు తెచ్చాను. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో మూడు రోజులపాటు మున్సిపల్ మైదానంలో పిల్లల పుస్తకాల ప్రదర్శన పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ రాసిన ఒకటిన్నర పేజీల కాగితం అది. ఎన్ని షామియానాలు వేస్తామో, కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటామో, చెత్త ఎవరు ఎత్తుతారో అన్నీ అందులో రాశాం. టపా తీసుకునే గుమాస్తా చదివి మంచి పని అన్నారు. లోపలి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు. చివరకు “చూద్దాం మాస్టారూ” అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని రెండు నెలలు తిరిగాం. పోలీసు స్టేషన్‌కు వెళితే ముందు మున్సిపాలిటీ అనుమతి తెమ్మన్నారు. మున్సిపాలిటీకి వస్తే ముందు పోలీసుల నిరభ్యంతర పత్రం తెమ్మన్నారు. అగ్నిమాపక కేంద్రంలో మాత్రం, స్థలం ఖరారైతే వచ్చి చూస్తామన్నారు. అందులో న్యాయం ఉంది. దీపావళి వెళ్లిపోయింది. విజయవాడ నుంచి రావలసిన ఇద్దరు పుస్తక విక్రేతలు లారీ మాట్లాడుకోవాలా వద్దా అని రోజు విడిచి రోజు ఫోను చేసేవారు. వాళ్లకు ఏం చెప్పను? మీరు నాకు చెప్పిన మాటే వాళ్లకు చెప్పాను. నవంబరు 12 సాయంత్రం, ఎవరి బల్ల ఎక్కడ వేయాలో పిల్లలతో కలిసి ముగ్గుతో గీతలు గీయడానికి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది. మైదానం మరొకరికి ఇచ్చేశారని. ఎవరికి ఇచ్చారో మర్నాడు లారీల నుంచి గుంజలు దిగుతున్నప్పుడు చూసి తెలుసుకున్నాం.

వారికి ఇచ్చినందుకు నాకు కోపం లేదు. వాళ్లూ ఈ ఊరివాళ్లే, వాళ్ల సభకు వచ్చినవాళ్లూ మనవాళ్లే. వాళ్ల దరఖాస్తు మాకన్నా ముందే వచ్చి ఉండవచ్చు, వాళ్ల అవసరం మాకన్నా పెద్దదీ కావచ్చు. అలా జరిగిందో లేదో తెలుసుకునే దారి ఈ ఊళ్లో ఎవరికీ లేదు. నేను ఈ లేఖ రాస్తున్నది అందుకే.

మైదానం ఫలానా తేదీల్లో ఖాళీగా ఉందా అని అడిగితే మీ సెక్షన్‌లో రిజిస్టరు తిరగేసి ఖాళీయే అంటారు. దయచేసి ఒక్కరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు రండి. ఇంకా చీకటి ఉంటుంది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారవుతున్న పిల్లలు చుట్టూ పరుగెత్తుతుంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీద వచ్చినవాళ్లే ఎక్కువ. ఒకరు ఫోను వెలుతురులో సమయం చూస్తూ గట్టిగా అరిచి చెబుతుంటారు, మిగిలినవాళ్లు 1600 మీటర్ల లెక్క పూర్తి చేస్తుంటారు. ఆడపిల్లలు గోడ వారగా ఇసుక పోసుకుని లాంగ్ జంప్ సాధన చేస్తారు. ఆ ఇసుక కూడా వాళ్లు చందాలు వేసుకుని తోలించుకున్నదే. అయిదున్నరకు మోకాళ్ల నొప్పులవాళ్లం, షుగరువాళ్లం చేరతాం. సాయంత్రం నాలుగు దాటితే ఒకే చోట ఆరు క్రికెట్ ఆటలు. ఒక జట్టు బంతి మరో జట్టు వికెట్లకు తగులుతుంది, అయినా ఎవరి ఆట వాళ్లకు తెలుసు. వీళ్లెవరూ దరఖాస్తు పెట్టరు. వీళ్లకు ఇన్‌వార్డు నంబరు లేదు. అందువల్ల మీ రిజిస్టరులో మైదానం ఏడాదిలో మూడు వందల రోజులు ఖాళీ.

నవంబరులో ఆ సభ అయిపోయిన మూడో రోజు తెల్లవారాక నేను గోతులు లెక్కపెట్టాను. గుంజలు పీకిన గోతులు నూట పన్నెండు. ఒక్కొక్కటి జానెడు వెడల్పు, మూరెడు లోతు. కొన్నింటిలో నీళ్ల ప్యాకెట్లు కుక్కి పైన మట్టి తన్నారు, చూడటానికి పూడ్చినట్టే ఉంటుంది, కాలు వేస్తే దిగబడుతుంది. బారికేడ్లు బిగించిన చోట తుప్పు పట్టిన మేకులు. లారీ చక్రాల గాడి పరుగు బాటను అడ్డంగా కోసుకుంటూ పోయింది. అంతకు ముందు రోజు చీకట్లోనే, పరుగెత్తుతున్న ఒక అమ్మాయి కాలు అలాంటి గోతిలో పడింది. మడమ వాచిపోయి, తోటి పిల్లలు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దేహదారుఢ్య పరీక్షకు అప్పటికి మూడు వారాలే ఉంది. ఆమె ఆ పరీక్షకు వెళ్లలేకపోయింది. రెండేళ్లుగా పొద్దున్నే లేచి పరుగెత్తిన పిల్ల. ఆ గొయ్యి ఎవరు పూడ్చాలన్నది మీరిచ్చిన అనుమతి పత్రంలో రాసి ఉందా? ఉంటే, పూడ్చారా లేదా అని చూసి సంతకం పెట్టినవారెవరు?

చెత్త ఎత్తింది మన పారిశుద్ధ్య కార్మికులే. అందుకు రెండు రోజులు మూడు వార్డుల కాలువలు వదిలేసి ఇక్కడికి రావలసి వచ్చింది. చేతులకు తొడుగులు లేకుండా గాజు పెంకులు ఏరుతున్న ఇద్దరితో మాట్లాడాను. ఆ పేర్లు రాయను, వాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. నిర్వాహకుల దగ్గర డిపాజిట్ కట్టించుకుంటే, అందులో నుంచి ఈ కూలి కోస్తే, తర్వాతి నిర్వాహకుడు తన గుంజల గోతులు తానే పూడ్చుకుని వెళతాడు. డబ్బు తిరిగి రావాలంటే ఎవరైనా చేస్తారు.

ఇంత చెప్పానని మైదానానికి తాళం వేయమంటున్నానని అనుకోకండి. నా చిన్నప్పుడు మా నాన్నగారు భుజాల మీద కూర్చోబెట్టుకుని ఇదే మైదానంలో బుర్రకథ చూపించారు. తుపాను వచ్చిన ఏడాది లంకల నుంచి తరలించిన కుటుంబాలకు ఇక్కడే గాడిపొయ్యిలు తవ్వి వంట చేశాం. సర్కస్ గుడారాలు ఇక్కడే వేసేవారు, దసరాకు రావణుడి బొమ్మ ఇక్కడే కాల్చేవారు, సువార్త మహాసభలు ఇక్కడే జరిగేవి. ఊరంతా ఒక చోట కూడే స్థలం ఇదొక్కటే మిగిలింది. విజయవాడలో ఏటా జనవరిలో పుస్తక మహోత్సవం జరుగుతూ వచ్చిన స్వరాజ్య మైదానం 2024 జనవరి 19 నుంచి అంబేడ్కర్ స్మృతివనం అయింది. ఆ మహనీయుడి విగ్రహం ముందు నేనూ నిలబడి నమస్కరించి వచ్చాను. పుస్తకాలవాళ్లు మాత్రం వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఏ కారణం చేతనైనా సరే, పట్టణాల్లో ఖాళీ నేల తగ్గుతున్న కొద్దీ మిగిలినదాన్ని పంచే తీరు మీద మరింత శ్రద్ధ పెట్టాలి.

పంచడం కష్టమైన పనేనని ఒప్పుకుంటాను. కష్టంగా ఉందని అందరినీ కాదనడం తేలికైన దారి. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఇరుకు రోడ్డు మీది సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకే, కొత్త సంవత్సరం నాడు, గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర మరో ముగ్గురు పోయారు. ఆ మర్నాడే రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 వెలువడింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. రోడ్డు మీద సభ వద్దనే మాటకు నైతిక బలం రావాలంటే మైదానం ఇవ్వడానికి పాలకులు సిద్ధంగా ఉండాలి. ఇవ్వడానికి కూడా ఒక పద్ధతి ఉండాలి. ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1969లో అహ్మదాబాదులో విద్యార్థుల సభకు పోలీసులు అనుమతి నిరాకరించడంతో మొదలైన హిమ్మత్‌లాల్ షా కేసులో, సభలను క్రమబద్ధం చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది గానీ, దేన్ని బట్టి ఇవ్వాలో దేన్ని బట్టి కాదనాలో చెప్పకుండా అధికారి ఇష్టానికే వదిలేసే నిబంధన చెల్లదని 1972లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మన మైదానానికి అసలు రాతపూర్వక నిబంధనే లేదు. ఉంటే దయచేసి చూపించండి, ఈ వాక్యం వెనక్కి తీసుకుంటాను.

భద్రత గురించి ఒక్క మాట. నిజానికి ఒక్క మాటతో సరిపోయేది కాదు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తులను బైరాగిపట్టెడ దగ్గర ఒక పార్కులో ఉంచారు. గేటు తెరిచేసరికి జనం ఒక్కసారిగా తోసుకువచ్చారు. ఆ రాత్రి తిరుపతిలో ఆరుగురు చనిపోయారు. పార్కు, గేటు, గుంపు. మన దగ్గరా ఉన్నవి అవే. ఆ వార్త చదివిన మర్నాడు నేను మన మైదానం గేట్లు చూడటానికి వెళ్లాను. రెండున్నాయి. పడమటి గేటు రెండు రెక్కల్లో ఒక రెక్క భూమిలో కూరుకుపోయి కదలదు. తూర్పు గేటుకు తాళం. ఆ తాళం తుప్పు పట్టి గొళ్లెంతో కలిసిపోయింది, చెవి పెట్టే రంధ్రంలో పురుగు గూడు కట్టుకుంది. కాపలాదారును అడిగితే తాను చేరినప్పటి నుంచీ ఆ గేటు తీయగా చూడలేదన్నాడు. అతను చేరి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లలో ఇక్కడ ఎన్ని వేలమందితో సభలు జరిగాయో మీకు తెలుసు. అందరూ ఆ ఒక్క రెక్క సందులోంచే వచ్చి, ఆ సందులోంచే వెళ్లారు. జనసమ్మర్దం ఉండే కార్యక్రమాలను ఎలా నిర్వహించాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే ఒక మార్గదర్శి వేసింది. అంత దూరం వెళ్లకపోయినా, అనుమతి పత్రం మీద సంతకం పెట్టేముందు ఎవరో ఒకరు ఆ తాళం పట్టుకుని లాగి చూసి ఉండవలసింది.

ఇద్దరు ఒకే తేదీకి అడిగితే ఏం చేయాలి? మన దగ్గర జరిగేది నాకు తెలుసు. ఇద్దరికీ చూద్దాం అని చెప్పి, చివరి రోజు దాకా ఆగి, ఎవరి తరఫున గట్టి ఫోను వస్తే వారికి ఇస్తారు. అది లేకపోతే గొడవెందుకని ఇద్దరికీ లేదంటారు. ముంబయిలో 2022 దసరాకు శివాజీ పార్కును ఒకే పార్టీలోంచి చీలిన రెండు వర్గాలు అడిగాయి. ఆగస్టులో పెట్టిన దరఖాస్తులకు సెప్టెంబరు మూడో వారం దాకా జవాబు లేదు. చివరకు శాంతిభద్రతల పేరు చెప్పి మహానగర పాలిక ఇద్దరినీ కాదంది. సెప్టెంబరు 23న బొంబాయి హైకోర్టు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి, ముందుగా దరఖాస్తు చేసుకున్న వర్గానికి అనుమతి ఇప్పించింది. ఇద్దరినీ కాదంటే సమానంగా చూసినట్టు కనిపిస్తుంది. నిజానికి నిర్ణయించవలసిన పనిని కోర్టు మీదికి నెట్టినట్టే. మా గ్రంథాలయానికి హైకోర్టుకు వెళ్లే స్తోమత లేదు. అదే శివాజీ పార్కు విషయంలో మహారాష్ట్ర ప్రభుత్వం చేసిన మరో పని నాకు నచ్చింది. ఆటలకు సంబంధించని కార్యక్రమాలకు ఏడాదిలో 45 రోజులే అని హద్దు పెట్టింది. మనకు 45 కావాలా 60 కావాలా అన్నది కౌన్సిల్ చర్చించి తేల్చవచ్చు. అంకె ఏదైనా ఒకటి ఉండాలి, అది తీర్మానంగా పుస్తకంలోకి ఎక్కాలి.

ఇదంతా మన సిబ్బందితో అయ్యే పనేనా అని మీరు అడగవచ్చు. అవుతుందని మీరే చేసి చూపించారు. ఎన్నికల ప్రకటన రాగానే మైదానాలను అధికార పార్టీ గుప్పిట్లో పెట్టుకోకూడదని, ఇతరులకూ అవే షరతులపై ఇవ్వాలని ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ఎన్నికల సంఘం వారి సువిధ పోర్టల్‌లో అభ్యర్థి దరఖాస్తు పెడితే ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతిలో చూస్తారు, కాగితం ఏ దశలో ఉందో ఫోనులోనే కనిపిస్తుంది. పోలీసులు, మున్సిపాలిటీ, అగ్నిమాపక శాఖ ఒకరి చుట్టూ ఒకరు తిప్పకుండా అనుమతులు ఇస్తారు. పని చేసేది మన ఉద్యోగులే, ఇచ్చేది మన మైదానమే. ఓట్లు అడిగేవారికి ఆ కొద్ది వారాల్లో దొరికే మర్యాద, ఓట్లు వేసేవారికి మిగతా అయిదేళ్లూ దొరకాలని అడగడం అత్యాశ అవుతుందా?

అందువల్ల నేను కోరేది ఇది. పడమటి గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు కొట్టించండి. ఆ నెలలోనూ, వచ్చే మూడు నెలల్లోనూ మైదానం ఎవరు, ఏ తేదీకి, దేనికోసం అడిగారో, దరఖాస్తు ఏ రోజు అందిందో, ఏమి నిర్ణయించారో దాని మీద సుద్దతో రాయించండి. వెబ్‌సైటులో పెడితే సంతోషమే, కానీ పొద్దున పరుగెత్తే పిల్లలు చూసేది గోడనే. రెండు నెలల తర్వాత ఫలానా మూడు రోజులు సభ ఉందని తెలిస్తే వాళ్లు ముందే కాలేజీ మైదానంలోనో కాలువ గట్టు మీదో ఏర్పాటు చేసుకుంటారు. అనుమతి పొందినవారి వివరాలను అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఎప్పుడో 2005లోనే చెప్పింది. తీసుకున్న నిర్ణయానికి కారణాన్ని ఆ నిర్ణయం ప్రభావం పడినవారికి తెలపాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఒక నల్లబోర్డు, ఒక సుద్దముక్కల పెట్టె. ఖర్చు ఇంతే.

ఏటా వచ్చేవాటికి ప్రతిసారీ కొత్తగా బతిమాలుకోవలసిన అవసరం కూడా ఉండకూడదు. హైదరాబాదులో నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. తర్వాత నాంపల్లికి మారింది. జనవరి వస్తే అది ఉంటుందని నగరమంతటికీ తెలుసు. అంత పాత ప్రదర్శనలో కూడా 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి దుకాణాలు బూడిదయ్యాయి కాబట్టి, తేదీ ఖాయమైనంత మాత్రాన తనిఖీ మానకూడదన్నదీ నిజమే. మన ఊళ్లో దసరా, క్రిస్మస్, అంబేడ్కర్ జయంతి, పాఠశాలల ఆటల పోటీలు, రంజాన్, బక్రీద్ ప్రార్థనలు, ఇవన్నీ ముందే తెలిసినవే. జనవరిలోనే కూర్చుని ఏడాది మొత్తానికి వీటి తేదీలు రాసేస్తే, మిగిలిన రోజుల మీదే దరఖాస్తులు చూడవలసి ఉంటుంది. కొత్త దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో జవాబు ఇవ్వండి. పోలీసుల అభిప్రాయం మీరే తెప్పించుకోండి, దరఖాస్తుదారును మధ్యలో తిప్పకండి. కాదంటే ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఇవ్వండి, వీలైతే మరో తేదీ సూచించండి. రుసుము పట్టిక ఒకటే ఉండాలి. టికెట్టు పెట్టి సొమ్ము చేసుకునేవారికి ఒక ధర, పిల్లల కార్యక్రమాలకు తక్కువ ధర. ఫోను చేసినవారికి మాఫీ అన్నది మాత్రం ఆ పట్టికలో ఉండకూడదు.

మైకుల సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే అంటున్నాయి. అర్ధరాత్రి దాకా సడలింపు కూడా ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. మార్చిలో పది, ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలున్న ఇళ్లు మైదానానికి మూడు వైపులా ఉన్నాయి. అనుమతి పత్రంలో ఆ సమయం పెద్ద అక్షరాలతో రాస్తే చాలు.

వార్డు సభ్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. అడిగినవారు ఏ పార్టీ, ఏ కులం, ఏ మతం అన్నది దరఖాస్తులో ఉండదు గానీ, ఆ కాగితం బల్ల మీదికి రాగానే గదిలో అందరికీ అదే ముందు గుర్తొస్తుంది. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేశాను. జవాబు పత్రాల మీద పేర్లు కనబడకుండా అట్ట మడిచి కుట్టి ఎందుకు దిద్దిస్తారో నాకు తెలుసు. ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు, వాహనాలు ఎక్కడ నిలుపుతారు, నేలను ఎలా అప్పగిస్తారు, ముందు ఎవరు అడిగారు, గత ఏడాది ఎవరికి అవకాశం దక్కలేదు అన్న ప్రశ్నలు ముందు వేసుకుని, వాటికి జవాబులు రాసుకున్న తర్వాతే పేరు చూడండి. మీకు నచ్చనివారికి కూడా మైదానం ఇవ్వవలసిన రోజు వస్తుంది. ఆ రోజు ఈ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది. “నేనివ్వలేదు, నిబంధన ఇచ్చింది” అని మీ మనుషులకు మీరు ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఈ ఏడాది నవంబరు 14, 15, 16 తేదీలకు మళ్లీ దరఖాస్తు రాశాం. ఈసారి మూడు మార్పులు చేశాం. గుంజలు పాతకుండా ఇనుప దిమ్మెల మీద నిలిచే పందిళ్లు మాట్లాడుకున్నాం, అద్దె కొంచెం ఎక్కువైనా ఫరవాలేదనుకున్నాం. పరుగు బాట వదిలేసి ఉత్తరం వైపు మూల మాత్రమే అడిగాం. ఉదయం ఏడున్నర దాకా, సాయంత్రం ఆటల వేళా మిగిలిన మైదానం ఎప్పటిలాగే పిల్లలది. నవంబరులో మడమ బెణికిన ఆ అమ్మాయి ఇప్పుడు మళ్లీ పరుగెత్తుతోంది, దరఖాస్తు మీద మా తర్వాత సంతకం చేసింది ఆమే.

సోమవారం ఉదయం పదిన్నరకు ఆ కాగితం తీసుకుని మీ కార్యాలయానికి వస్తాను. ఇన్‌వార్డు నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, నకలు నా చేతికి ఇప్పించండి. మా కన్నా ముందు ఎవరైనా అవే తేదీలు అడిగి ఉంటే అప్పుడే చెప్పండి, మేము మరో వారానికి మార్చుకుంటాం. తూర్పు గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా ఆ రోజే కనుక్కోవాలనుకుంటున్నాను. ఎవరి దగ్గరా లేకపోతే, కోయడానికి రంపం నేనే తెస్తాను, మీరు ఒక మనిషిని పంపండి.

ఇట్లు,
మైదానం పక్క వీధిలో ఉండే
విశ్రాంత ఉపాధ్యాయుడు